కరెంటు రోజుల తరబడి పోతే జనరేటర్‌లో ఏం పొయ్యాలి? గోదావరి డెల్టా ఇళ్ళకి, రొయ్యల చెరువులకి ఇంధనం ఎంచుకునే విధానం

గంటా రెండు గంటలు కరెంటు పోతే ఇన్వర్టర్ చూస్కుంటదండి, దాని గురించి ఇక్కడ చెప్పట్లేదు. స్తంభాలు విరిగిపోయి, కొబ్బరి చెట్లు లైన్ల మీద పడి, సబ్‌స్టేషన్ దగ్గర్నుంచి తీగ మళ్ళీ లాగాల్సొచ్చే రోజుల గురించి చెప్తున్నా. 1996 నవంబర్ 6 తుఫాను చూసిన కోనసీమ వాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు, ఆ తర్వాత పుట్టిన కుర్రాళ్ళు 2018 డిసెంబర్‌లో కాట్రేనికోన దగ్గర పెథాయ్‌ని, 2025 అక్టోబర్ 28 రాత్రి నరసాపురం దగ్గర మోంథాని చూశారు. తుఫాను వెళ్ళిన వారానికి జనం షాపుల మీద పడి జనరేటర్ ఎన్ని కేవీఏ (అంటే ఎంత పెద్దది), ఏ కంపెనీ, ఎంత తగ్గిస్తారు అని అడుగుతారు గానీ, మూడో రోజు పొద్దున్న దీంట్లో పొయ్యడానికి మా ఊళ్ళో ఏం దొరుకుద్ది అని మాత్రం ఎవరూ అడగరు. నా లెక్కలో అసలు ప్రశ్న అదే. ముందు ఇంధనం తేల్చుకోండి, మిషను దాన్ని బట్టి కొనండి.

మొదటి పని: ఏం నడవాలో కాగితం మీద రాయండి

అన్నీ నడవాలి అనుకుంటే ఏ ఇంధనమూ సరిపోదు. ఇంటికైతే ఎల్ఈడీ లైట్లు ఐదు, ఒక్కోటి 10 వాట్లు, ఫ్యాన్లు మూడు, ఒక్కోటి 70 దాకా, ఫ్రిజ్ 150 నుంచి 200, ఫోన్లు, వైఫై, కాసేపు టీవీ, అన్నీ కలిపినా 500, 600 వాట్ల దగ్గర ఆగుద్ది. అర హెచ్‌పీ మోటారు ట్యాంకు నింపడానికి అరగంట నడిస్తే చాలు, కానీ అది స్టార్ట్ అయ్యేటప్పుడు మామూలు కన్నా మూడు నాలుగు రెట్లు లాగుద్ది, అందుకే 600 వాట్ల ఇంటికి కూడా 2 నుంచి 2.5 కేవీఏ కావాలి. ఏసీ ఈ లిస్టులోంచి తీసెయ్యండి, ఆ ఒక్కటే మీ పెట్రోల్ మొత్తం తాగేస్తది.

ఇంట్లో ఇన్సులిన్ వాడే పెద్దవాళ్ళున్నా, ఆక్సిజన్ కాన్సంట్రేటర్ మీద ఎవరన్నా ఉన్నా ఆ లైన్ అన్నిటికన్నా పైన రాయండి. 5 లీటర్ల కాన్సంట్రేటర్ 300, 350 వాట్ల దాకా తీస్కుంటది, రాత్రీ పగలూ నడవాలి, అంటే ఆ ఇంటి ఇంధనం లెక్కే వేరు, పక్కింటి వాళ్ళని చూసి కొనకూడదు. దానికి తోడు జనరేటర్ అవసరంలేని ఆక్సిజన్ సిలిండర్ ఒకటి కూడా ఉంచుకోవాలి.

చెరువులున్న వాళ్ళకి లెక్క ఇంకోలా ఉంటది. చెరువు నీళ్ళని చిమ్మి ఆక్సిజన్ కలిపే 2 హెచ్‌పీ ఏరియేటర్లు ఎనిమిది అంటే 16 హెచ్‌పీ, కరెంటు పరంగా 14, 15 కిలోవాట్లు. మబ్బు పట్టిన రోజున నీళ్ళలో పచ్చదనం సరిగ్గా ఆక్సిజన్ చెయ్యదు, అర్ధరాత్రి దాటాక డీవో (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్) పడిపోతా వస్తది, తెల్లారగట్ల మరీ కిందకి వెళ్తది. మూడింటికి టార్చి వేసి చూస్తే రొయ్యలు గట్టు పక్కకి చేరి మీసాలు పైకి పెట్టి కనపడతాయి చూడండి, అప్పటికి మీ చేతిలో ఉన్న టైము చాలా తక్కువ. అందుకే చెరువు మీద జనరేటర్ అంటే ఇంజను, ఇంధనం, నడిపే మనిషి, మూడూ గట్టు మీదే ఉండాలి.

రెండో పని: మీ ఊరు ఎన్ని రోజులు తెగిపోద్దో ఒప్పుకోండి

భీమవరం, అమలాపురం, పాలకొల్లు టౌన్లో ఉన్నాళ్ళకి రెండో రోజుకో మూడో రోజుకో బంకుకి వెళ్ళే దారి ఉంటది. గోదారి పాయల మధ్య లంకల్లో ఉన్నాళ్ళకి ఆ గ్యారంటీ లేదు, గోదారి పొంగితే కనకాయలంక కాజ్‌వే మీంచి, ఎదురుబిడియం కాజ్‌వే మీంచి నీళ్ళు పారతాయి, అప్పుడు పడవ మీద పెట్రోల్ క్యాన్లు తెచ్చుకోవడం ఎవ్వరూ చెయ్యాల్సిన పని కాదు. ఇంకోటి, బంకు ఉన్నంత మాత్రాన ఇంధనం ఉన్నట్టు కాదు, అక్కడ పంపు తిరగాలన్నా కరెంటో జనరేటరో కావాలి, ట్యాంకర్ రావాలంటే రోడ్డు మీద చెట్లు తియ్యాలి, సిగ్నల్ లేకపోతే ఫోన్‌పే పనిచెయ్యదు కాబట్టి చేతిలో నోట్లు ఉండాలి. టౌన్ వాళ్ళు మూడు రోజులకి, పల్లె వాళ్ళు ఐదు రోజులకి, లంక వాళ్ళు వారానికి లెక్క వేస్కోండి అని నేనంటాను. ఎక్కువనిపించినా మిగిలింది పాడవకుండా బండిలో వాడేసుకోవచ్చు, అది తర్వాత చెప్తా.

మూడో పని: ఒక్కో ఇంధనాన్నీ మన నేల మీద పెట్టి చూడటం

పెట్రోల్‌తో మొదలెడదాం, ఎందుకంటే ఇళ్ళల్లో ఎక్కువ కొనేది అదే. చిన్న మిషను, ఒక్కడే ఎత్తి మేడ మీదకి పెట్టుకోవచ్చు, సౌండు తక్కువ, మెకానిక్ ప్రతి ఊళ్ళోనూ ఉంటాడు. ఇన్వర్టర్ రకం (లోడుని బట్టి ఇంజను వేగం మార్చుకునే) 2 కేవీఏ జనరేటర్ సెట్టు 500 వాట్ల లోడు మీద గంటకి సుమారు అర లీటరు తాగుద్ది, పాత మోడల్ మామూలు సెట్టు అయితే ముప్పావు దాకా పోద్ది. పొద్దున్న మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు నడిపితే రోజుకి 3 నుంచి నాలుగున్నర లీటర్లు, ఐదు రోజులకి 15 నుంచి 23. ఈ అంకె బాగా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే చట్టం ప్రకారం సొంత వాడకానికి లైసెన్స్ లేకుండా ఇంట్లో పెట్టుకోగలిగే పెట్రోల్ మొత్తం 30 లీటర్లే, అదీ గట్టిగా మూత పడే ఇనప క్యాన్లలో, ఒక్కోటి 25 లీటర్లు దాటకుండా. అంటే చిన్న సెట్టు, ఐదు రోజులు, రోజుకి ఆరు గంటలు అయితే పెట్రోల్ సరిపోద్ది. 24 గంటలూ నడవాలంటే మటుకు పెట్రోల్ మీ ఇంధనం కాదు, అంత నిల్వ పెట్టకూడదు కాబట్టి.

పెట్రోల్‌తో మన దగ్గర అసలు తలనొప్పి తేమండి. ఇప్పుడు బంకులో పోసేది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోల్, ఇథనాల్‌కి నీటిని లాక్కునే గుణం ఉంది, సముద్రం గాలి తగిలే ఊళ్ళల్లో సగం ఖాళీ క్యాను మూత వదులుగా పెడితే నెలల్లో పాడవుద్ది. నీళ్ళు ఎక్కువైతే ఇథనాల్ నీటితో కలిసి కిందకి దిగిపోద్ది, పైన మిగిలింది పేరుకే పెట్రోల్. చూడాలంటే క్యానులో అడుగునుంచి కొంచెం తీసి చిన్న గాజు సీసాలో పోసి, ఆరుబయట, మంటకి దూరంగా, ఓ పావుగంట కదపకుండా ఉంచండి. బాగుంటే పైనుంచి కింద దాకా ఒకే రంగులో తేటగా ఉంటది, పాడైతే అడుగున మసకగా ఇంకో పొర విడిగా కనపడుద్ది, సీసా వంచితే ఆ పొర నెమ్మదిగా జారుద్ది. అది మిషనులో పొయ్యొద్దు. మూడు నెలలకి మించి ఏ పెట్రోలూ ఉంచొద్దు.

డీజిల్ సంగతి వేరు. చెరువులకి, రైస్ మిల్లులకి, కోళ్ళ ఫారాలకి, లిఫ్టు ఉన్న అపార్ట్‌మెంట్లకి నా ఓటు దీనికే, వేరే ఆలోచనే లేదు. సొంత వాడకానికి 2500 లీటర్ల దాకా లైసెన్స్ లేకుండా ఉంచుకోవచ్చు, కాకపోతే ఏ ఒక్క పాత్రా 1000 లీటర్లు దాటకూడదు. పెట్రోల్ ఆవిరిలా దూరంనుంచి మంట అందుకోదు. 30 కేవీఏ సెట్టు 15 కిలోవాట్ల లోడు మీద గంటకి నాలుగున్నర నుంచి ఐదు లీటర్లు తీస్కుంటది, రాత్రి పదినుంచి ఆరు దాకా అయితే 40 లీటర్లు, మబ్బుగా ఉండి పగలు కూడా తిప్పాల్సొస్తే 70. నాలుగు రోజులకి 280, అంటే 200 లీటర్ల డ్రమ్ములు రెండు. ఖర్చు చూస్తే డీజిల్ మీద పడే యూనిట్ రేటుకి చిన్న పెట్రోల్ సెట్టు మీద కనీసం రెండు మూడు రెట్లు పోద్ది. పైగా డెల్టాలో ట్రాక్టర్, ఆయిల్ ఇంజన్, కోత మిషను, అన్నీ డీజిల్ తాగేవే, అవసరమైతే ట్రాక్టర్ ట్యాంకులోంచి తీస్కోవచ్చు, మిగిలింది దాంట్లో పోసుకోవచ్చు. పల్లెలో ఇంతకన్నా పెద్ద ధీమా లేదు.

అదే డీజిల్ సెట్టు చిన్న ఇంటికి మాత్రం వద్దంటాను. బరువు, మోత, పొగ ఉంటాయి, దానికితోడు డీజిల్ ఇంజన్‌కి లోడు తక్కువైతే ఒంటబట్టదు, 5 కేవీఏ సెట్టు మీద మూడు ఫ్యాన్లు ఆరు లైట్లు వేసి గంటలు గంటలు తిప్పితే సరిగ్గా కాలని డీజిల్ సైలెన్సర్లో నల్లటి జిడ్డులా పేరుకుపోద్ది. కనీసం 30 శాతం లోడు ఎప్పుడూ ఉండాలి, సగం నుంచి 70 శాతం మధ్య అయితే ఇంజన్ హాయిగా ఉంటది. 2023 జూలై తర్వాత వచ్చిన కొత్త పొల్యూషన్ రూల్స్ సెట్లు మురికి డీజిల్‌ని అసలు ఓర్చుకోవు, అది కూడా చూస్కోవాలి.

గ్యాస్ గురించి చాలామందికి తెలీదు గానీ ఇళ్ళకి ఇది మంచి దారి, ముఖ్యంగా లంకల్లో. ఎల్‌పీజీ సంవత్సరాలున్నా పాడవదు, తేమ తగలదు, కార్బొరేటర్ జామ్ అవదు. పెట్రోల్, గ్యాస్ రెండిటి మీదా నడిచే చిన్న సెట్లు దొరుకుతున్నాయి, 19 కేజీల సిలిండర్ మీద 1 కిలోవాట్ లోడు 30 గంటలకి పైనే నడుస్తది, రోజుకి ఆరు గంటలు వాడితే ఐదు రోజులు ఒక్క సిలిండర్. వంటింటి 14.2 కేజీల సిలిండర్ వాడకూడదు, అది వంటకి మాత్రమే ఇచ్చింది, జనరేటర్‌కి కమర్షియల్ కనెక్షన్ మీద 19 కేజీలది తీస్కోండి. రెగ్యులేటర్, పైపు ఆ సెట్టుతో వచ్చినవే పెట్టాలి, స్టవ్ రెగ్యులేటర్ పెట్టి ఏదో కుదిర్చే వాళ్ళ మాట వినొద్దు. పెట్రోల్ మీద ఇచ్చే పవర్ కన్నా గ్యాస్ మీద పదో వంతు తక్కువ ఇస్తది, కొనేటప్పుడే ఆ తేడా కలుపుకోండి. గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే నేల మీదే పరుచుకుంటది కాబట్టి గొయ్యిలో, మెట్ల కింద, మూసిన గదిలో పెట్టొద్దు. వరదొచ్చే ఊళ్ళ వాళ్ళు ఇంకోటి గమనించాలి, నిండు సిలిండర్ కూడా నీళ్ళలో తేలుద్ది, గొలుసుతో స్తంభానికి కట్టకపోతే వాల్వ్ దేనికో కొట్టుకుని లీకవుద్ది.

కాకినాడ లాంటి చోట్ల పైపు గ్యాస్ వచ్చిన ఇళ్ళున్నాయి, పైపు భూమిలో ఉంటది కాబట్టి గాలికి ఏం కాదు, కానీ దానిమీద జనరేటర్ నడపాలంటే గ్యాస్ కంపెనీ పర్మిషన్, దానికి తగ్గ మీటరు కావాలి. కిరసనాయిలు సెట్లు ఇంకా కొన్ని ఇళ్ళల్లో ఉన్నాయి, పెట్రోల్‌తో స్టార్ట్ చేసి కిరసనాయిలు మీదకి మార్చేవి. ఇప్పుడు కిరసనాయిలు దొరకడమే కష్టం, వాటిమీద కొత్తగా డబ్బులు పెట్టొద్దు.

సోలార్ ఉంది కదా మాకెందుకు అనే వాళ్ళకి ఒక్క మాట. పీఎం సూర్యఘర్ కింద పెట్టించుకున్న మామూలు ఆన్‌గ్రిడ్ ప్యానెళ్ళు లైన్లో కరెంటు పోగానే ఆగిపోతాయి, ఎర్రటి ఎండ ఉన్నా సరే, లైన్ మీద పనిచేసే వాళ్ళకి షాక్ కొట్టకూడదని అలా చేశారు. బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ ఇన్వర్టర్ అయితే ఉపయోగం, తుఫాను వెలిసాక ఎండొచ్చిన రోజున జనరేటర్ ఇంధనం సగానికి తగ్గుద్ది. మొదటి రెండు రోజుల మబ్బుకి మాత్రం దాన్ని నమ్ముకోలేం.

నాలుగో పని: దాచడం

సగం జనరేటర్లు ఇంధనం లేక కాదు, పాడైన ఇంధనం వల్ల ఆగుతాయి. డీజిల్ డ్రమ్ము ఆరుబయట నిలబెట్టి ఉంచితే పై మూత చుట్టూ వర్షం నీళ్ళు నిలుస్తాయి, పగలు వేడికి లోపలి గాలి వ్యాకోచించి రాత్రి చల్లబడినప్పుడు మూత పక్కనుంచి ఆ నీళ్ళని లోపలికి పీల్చుకుంటది. మూత గట్టిగానే ఉందే, నీళ్ళెలా వచ్చాయి అని చాలామంది ఆశ్చర్యపోతారు, వచ్చేది ఇలాగే. డ్రమ్ముని పడుకోబెట్టి రెండు మూతలూ ఒకే ఎత్తులో, పక్కలకి వచ్చేలా చెక్క ముక్కలు పెట్టండి, లేకపోతే షెడ్డు కింద కొంచెం వంచి పెట్టండి. అడుగున చేరిన నీళ్ళు, డీజిల్ కలిసే చోట బూజులాంటిది పెరుగుద్ది, అదే ఫిల్టర్‌ని మూసేస్తది, అందుకే తీసేటప్పుడు పైపు అడుగుకి ఆనకుండా రెండు మూడు అంగుళాలు పైనుంచి తీయాలి. జింకు పూత ఉన్న డబ్బాలు, రాగి పైపులు డీజిల్‌కి వద్దు. ఆరు నెలలకోసారి ట్రాక్టర్లోకి పోసి కొత్తది నింపుకోండి.

పెట్రోల్ క్యాన్లు నీడన, పొయ్యికి, ఇన్వర్టర్ బ్యాటరీకి, దేవుడి గదికి దూరంగా, వరద మట్టం కన్నా పైన ఉండాలి. కూల్‌డ్రింక్ సీసాల్లో పెట్రోల్ పోసి అటక మీద పెట్టే అలవాటు ఇవ్వాళే మానెయ్యండి, దయచేసి. ప్రతి నెలా మొదటి ఆదివారం ఆ పెట్రోల్ బండిలో పోసి, బంకునుంచి కొత్తది తెచ్చుకుంటే ఎప్పుడూ తాజాగా ఉంటది.

ఐదో పని: ఎప్పుడు నింపాలి

వాతావరణ శాఖ తుఫాను అలర్ట్ 48 గంటల ముందు, వార్నింగ్ 24 గంటల ముందు ఇస్తది. అలర్ట్ వచ్చిన రోజే నింపాలి, వార్నింగ్ దాకా ఆగితే బంకు దగ్గర క్యూ రోడ్డు మీదకి వస్తది. వరదకైతే ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదారి నీటి మట్టం చూడండి, మొదటి హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. 1986 ఆగస్టు, 2022 జూలై వరదలు చూసినాళ్ళెవరూ రెండో హెచ్చరిక దాకా ఆగరు. లంక వాళ్ళు మొదటి హెచ్చరికకే క్యాన్లు, సిలిండర్ మేడ మీదకి ఎక్కించేయాలి, జనరేటర్ కూడా. నింపాక ఓ పావుగంట లోడు వేసి తిప్పండి, ఖాళీగా తిప్పితే ఏం తెలీదు. ఇంజన్ ఆయిల్ ఒక లీటరు, స్పార్క్ ప్లగ్, డీజిల్ ఫిల్టర్ ఒకటి ఎక్కువగా తెచ్చి పక్కన పెట్టుకోవాలి, రోజూ నడిచే చిన్న సెట్టు వారంలో ఆయిల్ మార్చమంటది.

ఆరో పని: నడిపేటప్పుడు

జనరేటర్ వరండాలో కూడా వద్దు, కిటికీలకి, తలుపులకి కనీసం 20 అడుగుల దూరంలో, పొగ ఇంటి వైపు కాకుండా పెట్టండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే మనుషులు పోతారు. ఏ ఇంధనమైనా ఇది తప్పదు, గ్యాస్ అయినా సరే. వర్షం పడకుండా పైన రేకు, నాలుగు పక్కలా గాలి, కింద ఎత్తైన దిమ్మ, ఇంతే. పెట్రోల్ పోసే ముందు ఆపి, పది పదిహేను నిమిషాలు చల్లారనివ్వండి, దీపం పట్టుకుని కాదు, టార్చి పట్టుకుని.

మెయిన్ దగ్గర ఛేంజ్‌ఓవర్ స్విచ్ (ఇంటిని లైన్ కరెంటుకో జనరేటర్‌కో ఒక్కదానికే కలిపేది) లేకుండా ప్లగ్‌లోంచి ఇంటికి సప్లై ఇచ్చే వాళ్ళున్నారు. మీ 230 వోల్టులు తీగమీద వెనక్కి వెళ్ళి వీధి ట్రాన్స్‌ఫార్మర్లో తిరగబడి 11,000 వోల్టులవుద్ది, ఆ లైన్ మీద వానలో స్తంభం ఎక్కి మన కోసమే పనిచేస్తున్న మనిషి ఉంటాడు. స్విచ్ ఖరీదు ఎంతైనా పెట్టించండి, ఇంధనం కన్నా ముందు.

ఇంటి ఇన్వర్టర్ ఉంటే జనరేటర్ గంటలు సగానికి సగం తగ్గించొచ్చు. జనరేటర్ తిరిగే ఆ ఆరు గంటల్లో ఫ్రిజ్, మోటారు, ఇన్వర్టర్ ఛార్జింగ్ పెట్టేసి, రాత్రికి రెండు ఫ్యాన్లు, లైట్లు బ్యాటరీ మీద నడపండి. కొన్ని ఇన్వర్టర్లు జనరేటర్ కరెంటుని ఒప్పుకోవు, వెనకున్న స్విచ్‌ని యూపీఎస్ నుంచి నార్మల్‌కి మారిస్తే చాలావరకు పట్టుకుంటాయి. ఫ్రిజ్ ఊరికే తియ్యకుండా ఉంటే పొద్దున్న సాయంత్రం నడిపినా చల్లదనం నిలుస్తది. చెరువుల దగ్గర ఏరియేటర్లన్నీ ఒకేసారి వెయ్యకుండా ఒకటి వేశాక, మోత కుదుటపడ్డాక ఇంకోటి వెయ్యాలి, లేకపోతే సెట్టు కూర్చుండిపోద్ది. డీజిల్ సరిపోదనిపిస్తే పగలు ఎండగా ఉన్న గంటల్లో ఆపి రాత్రికి దాచండి, ఆ రోజులు మేత కూడా తగ్గించండి, మేత తగ్గితే చెరువుకి ఆక్సిజన్ ఖర్చూ తగ్గుద్ది.

డీజిల్ ట్యాంకు ఖాళీ అయ్యేదాకా ఎప్పుడూ నడపొద్దు, లైన్లో ఎయిర్ పడితే మళ్ళీ పోసినా స్టార్ట్ అవ్వదు. పాత రకం పంపు ఇంజన్లకి ఎయిర్ తియ్యడం గట్టు మీద ఉన్న ప్రతి మనిషికీ నేర్పండి: ఫిల్టర్ మీదున్న చిన్న బోల్టు ఒకటిన్నర చుట్టు వదులు చేసి, చేతి పంపు నొక్కుతా ఉంటే ముందు నురగ, బుడగలు కక్కుద్ది, తర్వాత బుడగ లేకుండా డీజిల్ ధారగా వస్తది, నొక్కుతానే బోల్టు బిగించెయ్యాలి. కొత్త ఎలక్ట్రానిక్ ఇంజన్లకి కంపెనీ పుస్తకంలో ఉన్నట్టే చెయ్యాలి, ఎక్కడపడితే అక్కడ బోల్టు విప్పకూడదు, ఆ పైపుల్లో ప్రెషర్ చాలా ఎక్కువ.

కరెంటు వచ్చాక

ఛేంజ్‌ఓవర్ మార్చి, జనరేటర్‌ని లోడు లేకుండా కొన్ని నిమిషాలు తిప్పి ఆపండి. పెట్రోల్ సెట్టైతే ట్యాంకు కింద ట్యాప్ కట్టేసి అదే ఆగిపోయేదాకా తిప్పితే కార్బొరేటర్లో మిగిలింది కాలిపోద్ది, తర్వాత కార్బొరేటర్ అడుగునున్న స్క్రూ వదిలి ఆ చెంచాడు కూడా తీసెయ్యండి, వచ్చే సీజన్‌కి ఒక్క లాగుకి స్టార్ట్ అవుద్ది. మిగిలిన పెట్రోల్ బైకులో, డీజిల్ ట్రాక్టర్లో. గ్యాస్ అయితే వాల్వ్ కట్టి, మూత పెట్టి, గొలుసు అలాగే ఉంచండి, డెల్టాలో వరదలు జూలై, ఆగస్టుల్లో, తుఫాన్లు మేలో, మళ్ళీ అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా.